రాతి మిషను కంప్యూటర్లో మూడు ప్యాకేజీలకు తాళం: చీమకుర్తి ప్రాజెక్టు డైరీ

2025 ఆషాఢం, మొదటి వారం

ఈ డైరీ ఒక్క పని కోసం మొదలుపెట్టాను. చీమకుర్తిలో మా బాబాయి రాతి చెక్కుడు షెడ్డులో సీఎన్‌సీ రౌటర్‌ని (కంప్యూటర్ చెప్పినట్టు రాయి చెక్కే మిషను) నడిపే కంప్యూటర్ ఒకటుంది. అందులో మూడంటే మూడు ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్ మూటలు, అప్‌డేట్ కాకుండా ఆపాలి. మిగతావన్నీ ఎప్పటిలా అప్‌డేట్ అవుతూ ఉండాలి. ఇదంతా శ్రావణం లోపల అయిపోవాలి. ఆషాఢంలో గృహప్రవేశాలు పెట్టుకోరు కాబట్టి నేమ్‌ప్లేట్ల ఆర్డర్లు పలచగా ఉంటాయి. శ్రావణం వచ్చిందంటే ఒంగోలు నుంచీ పొదిలి నుంచీ కొత్త ఇళ్ళవాళ్ళు వరస కడతారు. ముహూర్తం దగ్గర పెట్టుకుని వచ్చినవాళ్ళకి మిషను ఆగిందని చెప్పలేం.

ముందు మిషను సంగతి రాసి పెట్టుకుంటాను. మూడు యాక్సిస్‌ల రౌటర్, వజ్రపు పొడి పూసిన బిట్టు, బిట్టు మీద ఎప్పుడూ పడుతుండే నీళ్ళు. కంప్యూటర్లో డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం), దాని మీద మిషనుని నడిపే ప్రోగ్రాము లినక్స్‌సీఎన్‌సీ 2.9. మోటార్లకు పోయే పల్సులను ఈథర్నెట్ తీగ చివర ఉన్న కంట్రోల్ కార్డు తయారుచేస్తుంది. అయితే ఏ మోటారు ఎక్కడికి రావాలో ప్రతి మిల్లీసెకనుకూ ఆ కార్డుకు చెప్పాల్సింది కంప్యూటరే. సెకనుకు 1000 సార్లు అడగడం, 1000 సార్లు జవాబు తీసుకోవడం. మిల్లీసెకనులో 80 శాతం గడిచేలోపు జవాబు రాకపోతే ఆ ప్యాకెట్ పోయినట్టే లెక్క. అట్లా వరసగా నాలుగైదు పోతే కార్డులోని వాచ్‌డాగ్ అనే కాపలా ఏర్పాటు మోటార్లను ఆపేస్తుంది. అది భద్రత కోసం పెట్టిందే, ఉండాల్సిందే. ఇంత కచ్చితమైన సమయపాలన మామూలు కర్నెల్‌తో (సిస్టం గుండెకాయ లాంటి ప్రోగ్రాము) కుదరదు. అందుకని రియల్‌టైమ్ కర్నెల్ వాడతాం.

మొన్న జరిగింది ఇది. రెండడుగుల గెలాక్సీ గ్రానైట్ పలక మీద ఇంటి పేరు చెక్కుతున్నాం. బిట్టు 'శ్రీ'లో రావత్తు కిందికి తిరిగే మలుపులో ఉండగా మోటార్లు టక్కున ఆగాయి. స్పిండిల్ స్విచ్ వేరే కాబట్టి అది తిరుగుతూనే ఉంది. ఆపరేటరు కుర్రాడు పరుగెత్తుకెళ్ళి ఆపేలోపు ఉన్నచోటే తిరిగి తిరిగి అంచు పెచ్చు లేచింది. తెర మీద 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ రియల్‌టైమ్ డిలే' అని ఒక సందేశం, దాని కింద వాచ్‌డాగ్ పట్టుకుందని ఇంకో సందేశం.

గెలాక్సీ రాయికి అందం నల్లటి ఒంటి మీద మెరిసే బంగారు చుక్కలు. అవి బ్రాంజైట్ అనే ఖనిజం రేకులు. పెచ్చు లేచిన చోట నల్ల ఎపాక్సీ నింపి పాలిష్ పట్టొచ్చు కానీ నింపినచోట చుక్కలుండవు. ఎండలో పెడితే అక్కడ గుడ్డిమచ్చ తెలిసిపోతుంది. పలకని పక్కన పెట్టి కొత్తది ఎక్కించాం.

అదే రోజు సాయంత్రం

ఆప్ట్ (డెబియన్‌లో ప్యాకేజీలు తెచ్చి పెట్టే ప్రోగ్రాము) హిస్టరీ లాగ్ తెరిచి చూశాను. ఈటీసీ, వార్ అనే రెండు డైరెక్టరీలతో పరిచయం ఉంటే లినక్స్‌లో సగం జబ్బులు దొరుకుతాయి. వార్ కింద లాగ్, దాని కింద ఆప్ట్, అందులో హిస్టరీ. అక్కడ ముందు రోజు ఉదయం తేదీతో ఒక నమోదు ఉంది. కమాండ్‌లైన్ అన్న వరసలో అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్ అని ఉంది. అంటే మనిషి చేసింది కాదు, కంప్యూటర్ తనంతట తనే చేసుకుంది. ఇన్‌స్టాల్ అన్న వరసలో కొత్త ఆర్‌టీ (రియల్‌టైమ్) కర్నెల్.

సిస్టం బిగించినవాళ్ళు ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్ చేసి వెళ్ళారు. అది మంచి అలవాటే. భద్రతా లోపాల సవరణలు ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా వస్తాయి. చిక్కు ఎక్కడొచ్చిందంటే, కొత్త కర్నెల్ ఇన్‌స్టాల్ అయిన రోజున ఏమీ తెలియదు. పాత కర్నెలే నడుస్తూ ఉంటుంది. మర్నాడు పొద్దున మిషను ఆన్ చేసినప్పుడు గ్రబ్ (ఏ కర్నెల్ నడవాలో ఎంచే ప్రోగ్రాము) అన్నిటికంటే కొత్తదాన్ని ఎత్తుకుంటుంది. అందుకే బాబాయి 'నిన్న బాగానే ఉందిగదా' అంటున్నాడు. నిన్న బాగానే ఉంది నిజమే.

రెండు కర్నెళ్ళనూ ఒకదాని తర్వాత ఒకటి బూట్ చేసి కొలిచాను. లినక్స్‌సీఎన్‌సీతో వచ్చే, ఆలస్యాలు కొలిచే లేటెన్సీ హిస్టోగ్రామ్ నడుపుతూ, కంప్యూటర్‌కి బరువు పెట్టడానికి పక్కన గ్లెక్స్‌గేర్స్ అనే బొమ్మల ప్రోగ్రాము నాలుగు కిటికీలు తెరిచి, పెద్ద ఫైలొకటి పెన్‌డ్రైవ్‌కి కాపీ పెట్టాను. ఖాళీగా ఉన్న కంప్యూటర్ని కొలిస్తే అన్నీ మంచి అంకెలే వస్తాయి, వాటితో ఉపయోగం లేదు. ప్రాసెసర్ వరకు రెండు కర్నెళ్ళూ దాదాపు ఒకటే. తేడా నెట్‌వర్క్ దగ్గర బయటపడింది. కార్డుకు మిల్లీసెకనుకొక పింగ్ పంపితే పాత కర్నెల్లో ఎంత ఒత్తిడి పెట్టినా జవాబు 0.3 మిల్లీసెకన్ల లోపే ఉంది. కొత్తదాంట్లో సగటు బాగానే ఉన్నా, నడుమ నడుమ ఒక్కో జవాబు 1 మిల్లీసెకను దాటుతోంది. సగటు చూసి మోసపోకూడదు, రాయిని చెడగొట్టేది ఆ ఒక్కోటే. మా మదర్‌బోర్డు మీద ఉన్న నెట్‌వర్క్ చిప్‌కూ కొత్త కర్నెల్లోని దాని డ్రైవర్‌కూ పొసగలేదు. ఇదే కర్నెల్ ఇంకో బోర్డు మీద చక్కగా నడవొచ్చు.

ఆషాఢం, అదే వారం

బాబాయి మాట సూటిగా ఉంది.

'నెట్టు వైరు పీకేస్తే పోలా అబ్బయ్యా? అప్పుడు అప్‌డేట్ ఏడనుంచి వస్తది?'

'పీకొచ్చు బాబాయ్. కానీ డిజైన్లు ఏడనుంచి వస్తయి?'

'పెన్‌డ్రైవ్‌లో తెస్తరు.'

'నాకు భయమంతా ఆ పెన్‌డ్రైవ్‌ల మీదే.'

మిషన్లు చూసే మెకానిక్కు కూడా అదే సలహా ఇచ్చాడట: మొత్తం అప్‌డేట్లు ఆపెయ్, పదేళ్ళు నడుస్తది. నేను దీనికి ఒప్పుకోను. ఆ కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరుస్తారు, కస్టమర్ పంపిన పీడీఎఫ్ తెరుస్తారు, ఊళ్ళోవాళ్ళ పెన్‌డ్రైవ్‌లన్నీ గుచ్చుతారు. బ్రౌజరూ, పీడీఎఫ్ చూపే లైబ్రరీలూ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటివీ పాతబడితే ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో ఒకరోజు డిజైన్లన్నీ పోతాయి. మిషనుతో మాట్లాడేవి మాత్రం కదలకూడదు, బయటి ప్రపంచంతో మాట్లాడేవి ఎప్పటికప్పుడు కొత్తగా ఉండాలి. మొత్తం ఆపడం సులువైన దారి కాబట్టే అందరూ అది చెబుతారు. ఏది ఆపాలో ఎంచుకోవడానికి కాస్త కూర్చోవాలి. నేను కూర్చున్నాను.

జాబితా వేశాను. మొదటిది రియల్‌టైమ్ కర్నెల్ మెటాప్యాకేజీ, లినక్స్-ఇమేజ్-ఆర్‌టీ-ఏఎండీ64. దీని లోపల కర్నెల్ ఉండదు. 'ఇప్పటికి ఫలానా నంబరు కర్నెల్ కావాలి' అని చెప్పే చీటీ ఇది. కొత్త కర్నెళ్ళు లోపలికి వచ్చేది ఈ చీటీ ద్వారానే. రెండోది ఆ చీటీ ఇదివరకు చూపించిన అసలు కర్నెల్, పేరులో నంబరు ఉండేది, అందులోనూ మాకు మంచిదని తేలిన పాతది. మూడోది లినక్స్‌సీఎన్‌సీ-యూస్పేస్. ఇది ఎందుకంటే, దీని వెర్షన్ మారినప్పుడు మిషను కాన్ఫిగరేషన్ కూడా మార్చాల్సి రావచ్చు. 2.8లో యాక్సిస్‌లు, జాయింట్లు విడదీశారు. 2.9లో పైథాన్ 3కి మారింది. పని రోజున అలాంటి మార్పు తెలియకుండా వస్తే ఆ పూట పోయినట్టే.

తెలుగు ఫాంట్లను కూడా ఆపాలా అని ఆపరేటరు కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. ఫాంట్ మారితే ఒత్తు అటూ ఇటూ జరుగుతుంది, రాతి మీద అది దిద్దలేం. కానీ మేము చెక్కడానికి వాడేవి, రామభద్ర లాంటివి, డౌన్‌లోడ్ చేసి హోమ్ ఫోల్డరులో పెట్టుకున్నవి. ఆప్ట్‌కి వాటి ఊసే తెలియదు, తాకదు. పైగా చెక్కేముందు ఇంక్‌స్కేప్‌లో అక్షరాలను పాత్‌గా మార్చేస్తాం. ఆ తర్వాత ఫాంట్ ఏమైనా గీత మారదు. జాబితాలో చేర్చలేదు.

ఆషాఢం, రెండో వారం

తాళం వేసే పని నిజానికి ఒక్క వరస. టెర్మినల్లో 'సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్' అని కొట్టి, పక్కన మూడు ప్యాకేజీల పేర్లూ రాసి ఎంటర్ నొక్కడమే. 'సెట్ ఆన్ హోల్డ్' అని ఒక్కొక్క పేరుకీ జవాబు వచ్చింది. ఏవేవి హోల్డులో ఉన్నాయో చూడాలంటే 'ఆప్ట్-మార్క్ షోహోల్డ్'. తీసెయ్యాలంటే 'అన్‌హోల్డ్'. ఈ గుర్తు డీప్యాకేజ్ (ఆప్ట్ కింద ఉండి ప్యాకేజీలు విప్పే ప్రోగ్రాము) తన దగ్గర దాచుకుంటుంది కాబట్టి కంప్యూటర్ ఆపి ఆన్ చేసినా పోదు.

తాళం పడిందో లేదో ఉత్తుత్తి అప్‌గ్రేడ్ నడిపి చూశాను. 'ఆప్ట్ అప్‌గ్రేడ్'కి డ్యాష్ ఎస్ తగిలిస్తే ఏమీ మార్చకుండా, ఏం చేసేదో మాత్రం చెబుతుంది. హోల్డులో పెట్టినవాటిలో కొత్త వెర్షన్ ఉన్నవి 'కెప్ట్ బ్యాక్' అన్న శీర్షిక కింద వచ్చాయి. ఫైర్‌ఫాక్స్, ఇంకొన్ని లైబ్రరీలు అప్‌గ్రేడ్ జాబితాలో ఉన్నాయి. కావాల్సింది అదే.

ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. హోల్డు వేసినంత మాత్రాన పాత కర్నెల్ బూట్ అవదు. కొత్తది ఇప్పటికే డిస్కులో కూర్చుంది. దాన్ని తీసేస్తే మెటాప్యాకేజీ కూడా దాంతోపాటు పోతుంది. ఎందుకంటే ఆ చీటీ దాని మీదే ఆధారపడి ఉంది. అది పోతే తర్వాత కొత్త కర్నెల్ పరీక్షించాలన్నా వెతుక్కోవాల్సిందే. కాబట్టి రెంటినీ ఉంచాను. గ్రబ్ సెట్టింగుల్లో డీఫాల్ట్‌ని 'సేవ్డ్' అని మార్చి, పాత కర్నెల్‌ని డీఫాల్ట్‌గా పెట్టి, అప్‌డేట్-గ్రబ్ నడిపాను. రీబూట్ చేసి 'యూనేమ్ డ్యాష్ ఆర్' కొట్టి చూసుకున్నాను, పాత నంబరే వచ్చింది.

పాత కర్నెల్‌ని కూడా హోల్డులో పెట్టడానికి ఇంకో కారణం ఉంది. అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ వాడుకలో లేవనుకున్న పాత కర్నెళ్ళను తనే తుడిచేస్తుంది. డిస్కు నిండకుండా అది చేసే మేలు. కానీ మాకు అక్కరకొచ్చే కర్నెల్ ఒకరోజు ఆ ఊడ్పులో పోకూడదు. హోల్డు అప్‌గ్రేడ్‌నే కాదు, తొలగింపునీ ఆపుతుంది. దీనికి తోడు ఆ కర్నెల్ డెబ్ ఫైలు (ప్యాకేజీ ఉండే ఫైలు) ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టించాను. ఒకవేళ అదీ పోయినా డెబియన్ వాళ్ళ స్నాప్‌షాట్ సర్వర్లో 2005 నుంచి వచ్చిన ప్యాకేజీలన్నీ పాతవి పాతగానే దొరుకుతాయి. ఇంత దూరం ఆలోచించిన మనుషులున్నారని తెలిసినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది.

ఆషాఢం, మూడో వారం

అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ హోల్డుని గౌరవిస్తుంది. అయినా దాని సొంత నిషేధ జాబితాలో కూడా పేర్లు రాశాను. ఈటీసీ, ఆప్ట్, ఆప్ట్ డాట్ కాన్ఫ్ డాట్ డీ లోపల 50తో మొదలయ్యే ఫైలు. అందులో 'ప్యాకేజ్-బ్లాక్‌లిస్ట్' అనే చోట. ఎవరైనా తెలియక అన్‌హోల్డ్ చేసినా, మనిషి లేని వేళ కర్నెల్ మారకూడదని ఈ రెండో కట్టడి. ఇక్కడ రాసే పేర్లను అది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లుగా, అంటే పేర్లను పోల్చే నమూనాలుగా, చదువుతుంది. ఉత్తి 'లినక్స్' అని రాస్తే ఆ పేరుతో మొదలయ్యేవన్నీ ఆగిపోతాయి. అందుకని చివర డాలర్ గుర్తు పెట్టి పూర్తి పేరు రాశాను. తర్వాత డ్రై-రన్, డీబగ్ రెండూ తగిలించి నడిపితే ఏది తీసుకుంటున్నదీ ఏది వదిలేస్తున్నదీ వరసగా చెప్పింది.

ఇక్కడే ఇంకో సంగతి బయటపడింది, నా దృష్టిలో కర్నెల్‌తో సమానమైనది. ఆటోమేటిక్ అప్‌డేట్ టైమర్ ఉదయం 6 గంటల తర్వాత, ఒక గంట లోపు ఎప్పుడైనా నడవాలి. ఆ వేళకి షెడ్డులో కరెంటు మెయినే వేయరు. టైమర్‌కి 'పర్సిస్టెంట్' అన్న గుణం ఉంది కాబట్టి తప్పిపోయిన పనిని కంప్యూటర్ ఆన్ అవగానే మొదలుపెడుతుంది. షెడ్డు తెరిచేది తొమ్మిదికి. ఆపరేటరు మొదటి పలక ఎక్కించి స్టార్ట్ నొక్కేది తొమ్మిదింబావుకి. సరిగ్గా ఆ సమయానికే డిస్కు మీద ప్యాకేజీలు విప్పే పని నడుస్తూ ఉంటుంది. అంటే ఇన్నాళ్ళూ రోజూ మొదటి పలక అప్‌డేట్ల మధ్యలోనే చెక్కుతున్నారన్నమాట. అదే సమయంలో కరెంటు పోతే డీప్యాకేజ్ సగంలో తెగుతుంది, అప్పుడు 'డీప్యాకేజ్ కాన్ఫిగర్ ఆల్' నడిపి అతికించుకోవాలి.

దాన్ని భోజనాల వేళకి మార్చాను. 'సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్' తర్వాత ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్ టైమర్ పేరు. తెరుచుకున్న ఫైలులో ముందు 'ఆన్‌క్యాలెండర్' అని రాసి ఈక్వల్ గుర్తు పక్కన ఖాళీ వదలాలి. లేకపోతే పాత 6 గంటలు పోదు, కొత్తది దానికి అదనంగా చేరుతుంది. తర్వాతి వరసలో 13:15. కింద ర్యాండమైజ్డ్ డిలే సున్నా, పర్సిస్టెంట్ ఫాల్స్. ప్యాకేజీలు డౌన్‌లోడ్ చేసే ఆప్ట్-డైలీ టైమర్‌కీ ఇదే, కాకపోతే పావుగంట ముందు. ఒంటిగంటకి అందరూ చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంటారు. మిషను ఖాళీ. ఇది మార్చాక ఉదయం మొదటి పలకలో తెర మీద జర్కు కనిపించడం మానేసింది. ఆపరేటరు కుర్రాడు 'అన్నా, ఇప్పుడు గమ్మున పోతాంది' అన్నాడు.

అదే వారం, కావలి నుంచి ఫోను

కావలిలో ఫ్లెక్సు షాపు నడిపే స్నేహితుడికి ఈ పని గురించి చెబితే తన గోడు తను చెప్పుకున్నాడు. వాడిది విండోస్. ప్రింటర్ డ్రైవర్‌ని విండోస్ అప్‌డేట్ మారుస్తోందట, రంగులు తేడా వస్తున్నాయట. వాడిది ప్రో ఎడిషన్ కాబట్టి గ్రూప్ పాలసీలో విండోస్ అప్‌డేట్‌తో డ్రైవర్లు కలపొద్దు అనే పాలసీ ఉంది, అది ఆన్ చేయమన్నాను. మొత్తం అప్‌డేట్లు ఆపనక్కర్లేదు, డ్రైవర్లు ఒక్కటే ఆగుతాయి. అప్లికేషన్లకి వింగెట్‌లో (విండోస్‌లో ప్రోగ్రాములు పెట్టే, అప్‌గ్రేడ్ చేసే కమాండ్) 'పిన్ యాడ్' ఉంది. మామూలు పిన్ అన్నీ కలిపి అప్‌గ్రేడ్ చేసేటప్పుడు మాత్రం వదిలేస్తుంది, బ్లాకింగ్ పిన్ పేరు పెట్టి అడిగినా ఆపుతుంది. అయితే వింగెట్ చేతిలో ఉన్నంతవరకే. తనంతట తను అప్‌డేట్ చేసుకునే ప్రోగ్రాముకి ఆ పిన్ అడ్డం కాదు, దాన్ని ఆ ప్రోగ్రాము సెట్టింగుల్లోనే ఆపాలి. మర్నాడు ఫోను చేసి రంగులు నిలబడ్డాయన్నాడు.

లినక్స్‌లోనే వేరే రకాల్లో ఫెడోరా వాడేవాళ్ళకి డీఎన్‌ఎఫ్ వెర్షన్‌లాక్, ఓపెన్‌సూసేకి జిప్పర్ యాడ్‌లాక్ ఉన్నాయి. ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్ కాన్ఫిగరేషన్లో ఇగ్నోర్‌ప్యాకేజ్ ఉంది కానీ అక్కడ జాగ్రత్త. ఆర్చ్‌లో లైబ్రరీలు అన్నీ కలిసి ముందుకు కదులుతాయి. ఒకదాన్ని వెనక నిలబెట్టి మిగతావి నడిపిస్తే విరుగుతుంది, వాళ్ళే దానికి మద్దతు లేదని చెబుతారు. డెబియన్ స్టేబుల్‌లో హోల్డు ఇంత నిశ్చింతగా పనిచేస్తోందంటే, ఆ రిలీజు బతికున్నంతకాలం లైబ్రరీల పైవరస మారకుండా కింద మరమ్మతులు మాత్రమే చేస్తారు కాబట్టి. మిషన్లు నడిపే కంప్యూటర్‌కి డెబియన్ స్టేబుల్ తప్ప ఇంకోటి పెట్టొద్దని నేను అనేది ఇందుకే.

ఆషాఢం చివర

లినక్స్‌సీఎన్‌సీకి హోల్డుతో పాటు పిన్ (ఏ వెర్షన్‌కి ఎంత ప్రాధాన్యమో చెప్పే రాత) కూడా వేశాను. కారణం, ఇది రెండు చోట్ల నుంచి రాగలదు: డెబియన్ సొంత భండారం (ప్యాకేజీలు ఉంచే సర్వర్) నుంచి, లినక్స్‌సీఎన్‌సీ వాళ్ళ భండారం నుంచి. ఎవరైనా హోల్డు తీసి అప్‌గ్రేడ్ కొడితే ఏది ఎక్కువ వెర్షన్ అయితే అది దూకుతుంది. ఈటీసీ, ఆప్ట్, ప్రిఫరెన్సెస్ డాట్ డీ లోపల చిన్న ఫైలు. అందులో ప్యాకేజీ పేరు, మాకు కావాల్సిన వెర్షన్, దాని ప్రాధాన్యం 1001. ఈ అంకెల అర్థం తెలుసుకుంటే పిన్‌లంటే భయం పోతుంది. ఇన్‌స్టాల్ అయి ఉన్నదానికి 100, మామూలు భండారానికి 500, మనం ఎంచుకున్న రిలీజుకి 990. 1000 గానీ ఆపైన గానీ ఉంటే వెర్షన్ తగ్గించైనా సరే అదే పెడుతుంది. సున్నా కంటే తక్కువైతే ఎప్పటికీ పెట్టదు. 2020లో లినక్స్ మింట్ 20 వాళ్ళు స్నాప్‌డీ (స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీలు తెచ్చే ప్రోగ్రాము) తనంతట తను రాకుండా ఆపింది ఈ రుణ సంఖ్యతోనే. 'ఆప్ట్ పాలసీ' కొట్టి ప్యాకేజీ పేరు ఇస్తే ఏ వెర్షన్‌కి ఎంత ప్రాధాన్యం పడిందో కనిపిస్తుంది.

ఆ ఫైలులో 'ఎక్స్‌ప్లనేషన్' అనే వరస రాసుకోవచ్చు. ఆప్ట్ దాన్ని పట్టించుకోదు, మనుషుల కోసమే. అక్కడ తెలుగులో ఎందుకు ఆపామో, ఎప్పుడు మళ్ళీ చూడాలో రాశాను. ఆప్ట్-మార్క్ హోల్డుకి ఈ సౌకర్యం లేదు. ఏడాది తర్వాత వచ్చినవాడికి హోల్డు కనిపిస్తుంది, కారణం కనిపించదు. కారణం తెలియని హోల్డుని ఒకడు భయపడి అట్లాగే వదిలేస్తాడు, ఇంకొకడు ధైర్యం చేసి తీసేస్తాడు. రెండూ నష్టమే. కాబట్టి మూడు హోల్డుల కారణాలూ ఆ ఫైల్లోనూ, ప్రింటు తీసి కంట్రోల్ ప్యానెల్ తలుపు లోపలా అంటించాను.

కర్నెల్ ఆగినందువల్ల పెరిగే ప్రమాదాన్ని తగ్గించాలి. వాట్సాప్ వెబ్, బయటి పెన్‌డ్రైవ్‌లు ఆఫీసు ల్యాప్‌టాప్‌కి మార్చాం. మిషను కంప్యూటర్‌కి బయటి నుంచి వచ్చే కనెక్షన్లన్నీ ఫైర్‌వాల్‌లో మూశాను. డిజైన్ ఫైళ్ళు ల్యాప్‌టాప్ నుంచి వస్తాయి. బాబాయికి ఇది మొదట నచ్చలేదు, ఇంకో మనిషి పని అన్నాడు. అలవాటయ్యాక ఊరుకున్నాడు.

శ్రావణం

ఆర్డర్లు మొదలయ్యాయి, మిషను నిలబడింది. వరలక్ష్మీ వ్రతం ముందు రెండు రోజులు షిఫ్టు రాత్రి దాకా సాగింది. హోల్డుల వల్ల ఎక్కడా అడ్డం రాలేదు.

వ్రతం మర్నాడు, ఆగస్టు 9న, డెబియన్ 13 విడుదలైంది. ఇది ముందే తెలుసు కాబట్టి సోర్సెస్ ఫైలుని సరిచూసి పెట్టాను. భండారం పేరు చోట 'స్టేబుల్' అని ఉంటే ఆ రోజు నుంచి స్టేబుల్ అంటే 13 అవుతుంది. ఎవరైనా ఫుల్ అప్‌గ్రేడ్ కొడితే పని సీజన్లో రిలీజే మారిపోతుంది. మాది 'బుక్‌వార్మ్' అని, డెబియన్ 12 పేరుతోనే ఉంది. ఆప్ట్ అప్‌డేట్ కొడితే ఇది ఇప్పుడు ఓల్డ్‌స్టేబుల్ అయిందని చిన్న సూచన ఇచ్చి ఊరుకుంది. మూడు ప్యాకేజీలు ఆపి రిలీజు పేరు వదిలేసేవాళ్ళు ఉంటారు, అందుకే ఇది రాస్తున్నాను.

భాద్రపదం

చవితి సందడి అయ్యాక ఇంటెల్ చిప్ ఉన్న ఈథర్నెట్ కార్డు ఒకటి తెప్పించి బిగించాను. కంట్రోల్ కార్డు తీగ దీనికి, ఇంటర్నెట్ పాత పోర్టుకి. ఇంటెల్ కార్డులు ఇంటరప్ట్‌లను (ప్యాకెట్ వచ్చిందని ప్రాసెసర్‌కి చెప్పే పిలుపులు) కాసేపు కూడగట్టి ఒక్కసారి అందిస్తాయి. మామూలు వాడకానికి అది మేలు, మాకు చేటు. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైలులో ఆర్ఎక్స్-యూసెక్స్ సున్నా అని రాసి దాన్ని ఆపాను.

ఆదివారం షెడ్డు మూసి ఉన్నప్పుడు కొత్త కర్నెల్ ఎంచుకుని బూట్ చేశాను. అదే గ్లెక్స్‌గేర్స్, అదే పెన్‌డ్రైవ్ కాపీ, అదే పింగ్. గరిష్ఠం 0.2 మిల్లీసెకన్ల దగ్గరే ఆగింది. ఆషాఢంలో ఏ కర్నెల్ పలక చెడగొట్టిందో అదే కర్నెల్, నెట్‌వర్క్ కార్డు ఒక్కటే మారింది. తర్వాత పనికిరాని రాయి ఒకటి ఎక్కించి, బిట్టు రాతికి తగలకుండా గాల్లో ఒక పూర్తి నేమ్‌ప్లేటు నడిపాం, ఆ తర్వాత నిజంగా చెక్కాం. ఆపరేటరు రావత్తు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఎమర్జెన్సీ బటన్ మీద పెట్టి నిలబడ్డాడు. నొక్కాల్సిన పని పడలేదు.

హోల్డు తీశాను, సెప్టెంబరు 6న వచ్చిన 12.12లోని అప్‌డేట్లు అన్నీ తెచ్చాను, కొత్త నంబరు కర్నెల్‌ని మళ్ళీ అదే తీరుగా పరీక్షించి మెటాప్యాకేజీకి, దానికి తిరిగి హోల్డు వేశాను. పాతదాన్ని అన్‌హోల్డ్ చేయలేదు, వెనక్కి వెళ్ళే దారిగా ఉంటుంది. ఇక నుంచి పద్ధతి ఇదే: నెలకొక ఆదివారం కెప్ట్ బ్యాక్ జాబితా చూడటం, కర్నెల్ వచ్చి ఉంటే పరీక్ష, బాగుంటే హోల్డు కొత్తదానికి మార్చడం, ప్యానెల్ తలుపు మీద కాగితంలో తేదీ దిద్దడం. ఆ పని ఆపరేటరు కుర్రాడు నేర్చుకున్నాడు. మొన్నటిసారి నేను ఒంగోల్లో ఉండగా తనే చేసి అంకెలు ఫోటో తీసి పంపాడు.

మిగిలింది డెబియన్ 13. దాని కర్నెల్ 6.12, రియల్‌టైమ్ మార్పులు ప్రధాన కర్నెల్లో కలిసిన మొదటి వెర్షన్ అది. నాకు దాని మీద ఆశ ఉంది. తొందర మాత్రం లేదు. 12కి మామూలు భద్రతా మద్దతు 2026 జూన్ 10 వరకు, ఆ తర్వాత ఎల్టీఎస్ (పొడిగించిన మద్దతు) 2028 జూన్ 30 వరకు ఉంది. వచ్చే ఆషాఢంలో, ఆర్డర్లు పలచబడ్డాక, వేరే డిస్కులో 13 పెట్టి ఇదే పరీక్ష చేస్తాం. రిలీజు మార్చే ముందు షోహోల్డ్ ఖాళీగా ఉండాలి, ప్రిఫరెన్సెస్‌లోని పిన్ ఫైలు తీసెయ్యాలి, బ్లాక్‌లిస్ట్‌లోని పేర్లు చెరపాలి. లేకపోతే అప్‌గ్రేడ్ మధ్యలో ఇరుక్కుంటుంది. ఈ మూడు వరసలూ ఎక్స్‌ప్లనేషన్ కింద ఇవాళ చేర్చాను.